ఎదురు తాడు వాటా

బుల్లమ్మకు సన్మానం చేస్తున్నామని చెప్పడానికి పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో నుంచి చలపతి వచ్చిన పూట, బుల్లమ్మ తన బావగారిని తెడ్డుతో కొడుతోంది.

చేత్తో కొట్టదు. మొగుడి అన్నగారిని చేత్తో తాకడం మర్యాద కాదు. ఆయన్ని పేరు పెట్టి పిలవకూడదు, ఆయన ఎదుట మంచం మీద కూర్చోకూడదు, చెయ్యి తగలకూడదు. అందుకని పన్నెండేళ్ళుగా ఆవిడ అప్పలరాముణ్ణి తెడ్డుతో కొట్టింది, కొబ్బరి మట్టతో కొట్టింది, ఒకసారి నాలుగు మూరల వంజరం చేపను తోక పట్టుకుని దానితో కొట్టింది గానీ చెయ్యి మాత్రం ఏనాడూ తగలనివ్వలేదు. ఆ వంజరం దెబ్బకు అప్పలరాముడు మూడు రోజులపాటు తూర్పేదో పడమరేదో తెలియక, సూర్యుడు రంగత్ బజారు వైపు నుంచి లేస్తున్నాడేమిటని కనబడినవాళ్ళనల్లా అడిగాడు.

అప్పలరాముడూ పడి ఉండే రకం కాదు. ఆయన దగ్గర ఎండబెట్టిన టేకుచేప తోక ఉంది. బారెడు పొడవు, ఆకురాయి లాంటి గరుకు. అది వీపు మీద పడితే కొబ్బరి పీచు ఒలిచినట్టు చర్మం లేచివస్తుంది. ఆ పూట బుల్లమ్మ రవిక రెండుచోట్ల చిరిగి నెత్తురు పాయలు కట్టింది. అప్పలరాముడి ఎడమ కన్ను లేత కొబ్బరిబోండమంత అయ్యింది.

చలపతి తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిసంచీ నెత్తిన పెట్టుకుని, పడవ దిగి ఇసుక మీదికి వచ్చాడు. "బుల్లమ్మగారంటే ఎవరమ్మా?" అని అడిగాడు. అప్పుడే తెడ్డు వెనక్కి ఊగి ఆయన పొట్టలో దిగింది. ఆయన ఎలా వచ్చాడో అలాగే వెనక్కి వెళ్ళి నీళ్ళలో కూర్చున్నాడు.

"ఎవులు బాబూ నువ్వు? మనిషిని కొడతన్నప్పుడు ఎనకమాల నిలబడతారేటి?" అంది బుల్లమ్మ.

"హాడో తెలుగు సభ నుంచి వచ్చానమ్మా. బడుల కోసం పోరాడినవాళ్ళకి ఏటేటా ఒక పతకం ఇస్తాం. ఈ ఏడు మీకు."

"పోరాడినోళ్ళకా." బుల్లమ్మ ఓ క్షణం ఆలోచించింది. "అయితే కూకో భయ్యా. ఈ పోరాటం అవనీ, మాటాడుకుందాం."

ఆ పోరాటం ఎలా మొదలైందో చెప్పాలంటే ఆ ఊరి సంగతి చెప్పాలి.

దేశానికి స్వతంత్రం వచ్చిన పదేళ్ళకు, సముద్రం అవతల విశాఖ ఒడ్డు నుంచి ఏడు పడవల జనాన్ని సర్కారు ఓడెక్కించి, రంగత్ దిగువన ఈ దీవి ఇసుక మీద దించింది. అందుకే అది ఏడుపడవలపేట అయ్యింది. అప్పట్లో అక్కడి దోమలు పావురాలంత ఉండేవి. కుట్టేముందు మనిషి భుజం మీద వాలి, రెక్కలు సర్దుకునేవి. జనం దోమలనీ కొట్టారు, జలగలనీ కొట్టారు, పనిలో పనిగా ఒకళ్ళనొకళ్ళు కొట్టుకున్నారు, మిగిలినవాళ్ళు పెద్దవల లాగి బతికారు.

పెద్దవలను ఒడ్డున నిలబడే లాగుతారు. పడవ వెళ్ళి వలను అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. ఒక గుంపు కుడి తాడు పడుతుంది, వంద బారల అవతల ఇంకో గుంపు ఎదురు తాడు పడుతుంది. రెండు పక్కలా లాగితేనే చేప సంచిలో పడుతుంది. సంచి నీళ్ళు దాటకముందు తాడు మీద ఎవరి చెయ్యి పడినా వాళ్ళకు వాటా ఉంది. దొంగయినా సరే, దారినపోయే పోలీసయినా సరే. పడిన చేపను ముందు రెండు కుప్పలు పోస్తారు, కుడి తాడుకొకటి, ఎదురు తాడుకొకటి. ఈ కట్టు తప్పినవాడికి ఎముకలు విరిచే పని వల సొంతదారుడైన అప్పలరాముడిది.

ఇక బడి. ఊరు పుట్టిన కొత్తలో ఒక రోడ్డు మేస్త్రీ కొబ్బరి మొక్కలిచ్చే కాగితమని చెప్పి ఆడవాళ్ళందరి చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. తీరా అది మూడు నెలలు రాళ్ళు మోస్తామన్న కాగితం. మూడు నెలలూ మోశాక బుల్లమ్మ చివరి రాయిని తట్టలో వెయ్యకుండా మేస్త్రీ పాదం మీద వేసింది. అతని పాదం అప్పడంలా అయ్యింది గానీ బుల్లమ్మకు తృప్తి కలగలేదు. ఆ కాగితంలో ఏముందో చదవగలిగే మనిషి ఒక్కరుంటే పాదంతో పని లేదు కదా అనుకుంది. ఆ రోజు నుంచి బడి, బడి అని పట్టుకుంది.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలతో పాక వేస్తుంటే, అవి మావని కలప కూలీలు ఏనుగుతో సహా వచ్చారు. బుల్లమ్మ ఏనుగు చెవి మెలేసిందని, అది కళ్ళనీళ్ళు పెట్టుకుని దుంగలన్నీ తనే ఎత్తి నిలబెట్టి వెళ్ళిందని ఊరంతా చెబుతారు. ఆ గొడవలో ఒక కూలీ దుంగలు లాగే కొక్కెం విసిరితే అది బుల్లమ్మ మొగుడు లక్ష్ముడి కుడి చెవిని తెంపుకుపోయింది. ఇప్పటికీ ఆ పక్క అతనికి వినబడదు. బుల్లమ్మ అతన్ని తిట్టాలనుకుంటే ఆ పక్కకు వెళ్ళి తిడుతుంది, అతనంటే అంత ప్రేమ.

పాక లేచింది గానీ టీచరు రాలేదు. అప్పుడు బుల్లమ్మ పదిమంది ఆడవాళ్ళతో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, ఫీనిక్స్ బేలో ఓడ ఎక్కే పలక మీద కూర్చుంది. టీచర్నిస్తేనే ఓడ కదులుతుందంది. కూలీలు, కలాసీలు, టిక్కెట్ల వాళ్ళు లాగడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నీళ్ళలో పడ్డారు. సాయంత్రానికి అంతమంది పడేసరికి నీటిమట్టం లేచి, ఓడ పలక కన్నా పైకి వెళ్ళిపోయిందట. నాలుగు పళ్ళూ ఒక మోచెయ్యీ పోయాక టీచరు వచ్చింది. పేరు ఝాన్సీలక్ష్మి. కాకినాడ వైపు పిల్ల, సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది.

ఇంత చేసినా బడి నిలిచేట్టు లేదు. ముప్ఫై పేర్లు లేని బడి ఎత్తేస్తామని విద్యా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పట్టీలో ఇరవై రెండే ఉన్నాయి. ఇంకెక్కడున్నారు పిల్లలంటే అప్పలరాముడి ఇంట్లో ఉన్నారు, ఎనిమిదిమంది మనవలూ మనవరాళ్ళూ. ఆయన ఇద్దరు కొడుకుల్నీ ఒకే తుఫాను తీసుకుపోయింది. అప్పటి నుంచి వాళ్ళ జాగాలో ఎదురు తాడు లాగేది ఈ ఎనిమిదిమందే. ఆయన వాళ్ళను బడి గుమ్మం తొక్కనివ్వడు. వాళ్ళను అడగడానికే బుల్లమ్మ ఆ పూట తెడ్డు తీసుకుని వెళ్ళింది.

"గుంటలు పలక పట్టుకు కూకుంటే తాడు నీ అబ్బ లాగుతాడేటే?" అని ఆయన తోక ఝాడించాడు.

"మా అబ్బ సచ్చిపోనాడు బావా. నువ్వూ పోతావు. ఆళ్ళు బతకాల కదా," అని ఈవిడ తెడ్డు తిప్పింది.

చలపతి నీళ్ళలో కూర్చుని అంతా విన్నాడు. సోమవారం విద్యాధికారి గోవిందరాజులు గారు పేర్లు లెక్కపెట్టడానికి ఎలాగూ ఈ ఊరు వస్తున్నారు, పతకం కూడా ఆయన చేతి మీదుగానే ఇప్పిస్తాం అన్నాడు.

"బడి ఎత్తేసే సేత్తోనే బడి తెచ్చినందుకు బిళ్ళ ఇస్తాడా?" అంది బుల్లమ్మ.

"ఏం చేస్తామమ్మా, ఒక్క పడవే దొరికింది."

సోమవారం వచ్చింది. బడి ముందు ఓడ తెరచాప గుడ్డతో పందిరి వేశారు. మైకు వచ్చింది. గోవిందరాజులు గారు కోటు వేసుకుని వచ్చి, చెమటలో సగం కరిగిపోయి కుర్చీలో కూర్చున్నారు. పతకం ఇత్తడిది, అన్నం తినే పళ్ళెమంత ఉంది. ఆయన దాన్ని బుల్లమ్మ చేతిలో పెట్టి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి, తర్వాత కళ్ళజోడు మార్చుకుని పట్టీ తెరిచారు.

"ఇరవై రెండు," అన్నారు. "అమ్మా, నాకూ బాధగానే ఉంది. ముప్ఫై కావాలి. ఇరవై తొమ్మిదున్నా నా చేతిలో లేదు. ఈ పూట వచ్చిన పేర్లు ఈ పూట రాసుకోవచ్చు. లేదంటే టీచరుగారు నాతో ఈ పడవలోనే వచ్చేస్తారు."

ఝాన్సీలక్ష్మి పెట్టె అప్పటికే గుమ్మంలో ఉంది. బుల్లమ్మ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది.

చలపతి గబగబా మైకు అందుకుని, "బుల్లమ్మగారితో పాటు ఈ పోరాటంలో దెబ్బలు తిన్నవాళ్ళంతా వేదిక మీదికి రావాలి," అన్నాడు. ఒంటి చెవి లక్ష్ముడు వచ్చాడు. పళ్ళు పోయిన యర్రమ్మ వచ్చింది. మోచెయ్యి పోయిన కాళమ్మ వచ్చింది. వాళ్ళ వెనకాల తోక చంకన పెట్టుకుని అప్పలరాముడు వచ్చాడు.

"తాతా, నువ్వెందుకు? నువ్వు బడికి అడ్డం పడ్డవాడివి కదా," అన్నాడు చలపతి.

"దెబ్బలు తిన్నోలు రమ్మన్నావు. ఈ పేటలో నాకన్నా ఎక్కువ తిన్నోడెవుడు?" అప్పలరాముడు చొక్కా ఎత్తి వీపు చూపించాడు. తెడ్డు దెబ్బలతో అది తాటాకు చాపలా ఉంది. "ఇను బాబూ. ఈవిడ పన్నెండేళ్లు కుడి తాడు లాగినాది. నాను పన్నెండేళ్లు ఎదురు తాడు లాగినాను. ఒకల్లే లాగితే వల ఒంకరగా ఒస్తది, అందులో సేపెక్కడ పడతది? నాను ఎదర లేకపోతే ఈవిడ ఎవులితో పోరాడినట్టు? ఆ బిళ్ళలో సగం నాది."

చలపతి నవ్వాడు. కానీ నవ్వింది ఆయనొక్కడే. పేట జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని తలలూపారు. "నిజమే, ఎదురు తాడుకి కుప్ప ఉంటాది," అన్నారు ఎవరో.

"కుప్పా?" అంది బుల్లమ్మ. "నా మొగుడి సెవి ఊడిపోనాది. నా బడి ఎలిపోతంది. నీకు కుప్ప కావాలా బావా?"

అంతే, ఆవిడ పక్కనున్న మైకు కర్ర పీకింది.

మొదటి దెబ్బ అప్పలరాముడి భుజం మీద పడింది. భుజమెముక విరిగిన చప్పుడు మైకులోంచి రంగత్ బజారు దాకా వినబడిందని, అక్కడివాళ్ళు పిడుగు అనుకుని చేపలు మూసేసుకున్నారని అంటారు. ఆయన తోక తిరిగి బుల్లమ్మ చెంపను తెరిచింది. లోపలి పళ్ళు బయటికి కనబడ్డాయి. యర్రమ్మ ఎదురు తాడు లాగే తన మేనల్లుణ్ణి జుట్టు పట్టుకుని పందిరి రాటకేసి కొట్టింది. రాట విరిగి తెరచాప గుడ్డ అందరి మీదా పడింది. దాని కింద ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియక అందరూ అందరినీ కొట్టారు. గోవిందరాజులు గారి ముక్కు మీద ఎవరిదో మోకాలు పడి కోటంతా ఎర్రబడింది. ఝాన్సీలక్ష్మి పట్టీని గుండెకు హత్తుకుని, దగ్గరికొచ్చిన ప్రతివాణ్ణీ పలకతో నెత్తిన మోదింది. మూడు పలకలు పగిలాయి. చలపతి ఎగిరి కొబ్బరిచెట్టు మొవ్వులో పడ్డాడు. దిగేటప్పుడు ఊరికే దిగడం ఎందుకని రెండు కాయలు తెంపుకొచ్చాడు.

గుడ్డ పక్కకు పోయేసరికి బుల్లమ్మ అప్పలరాముణ్ణి ఇసుకలో పడేసి, మైకు కర్ర రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంది. నెత్తురు ఆవిడ గడ్డం మీంచి ఆయన మొహం మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ దెబ్బ పడితే ఆయన ఇంక లేవడు. అది ఆయనకూ తెలుసు.

"కొట్టుకో," అన్నాడు ఆయన. "సచ్చినా నా వాటా నాదే."

కర్ర గాలిలో ఆగిపోయింది. బుల్లమ్మ ఝాన్సీలక్ష్మి చేతిలోని పట్టీ వంక చూసింది. తర్వాత కర్ర దించింది.

"ఒప్పుకున్నాను బావా. సగం నీదే," అంది.

"ఏటే?" అన్నాడు లక్ష్ముడు మంచి చెవి ఇటు తిప్పి.

"ఉలి తే మావా. పడవ ఉలి."

లక్ష్ముడు ఉలీ సుత్తీ తెచ్చాడు. పళ్ళేన్ని రాయి మీద పెట్టి బుల్లమ్మే నడిమికి కోసింది. చలపతి కళ్ళు మూసుకున్నాడు. ఒక ముక్క తను తీసుకుంది. రెండోది ఇసుకలో పెట్టింది, బావగారి చేతికి అందించకూడదు కనుక. అప్పలరాముడు విరగని చేత్తో దాన్ని ఎత్తి, ఊరందరికీ చూపించి, పంచెలో దోపుకున్నాడు.

"తీసుకున్నావా?" అంది బుల్లమ్మ.

"తీసుకున్నాను."

"వాటా తీసుకున్నోడు వల బాగు సెయ్యాల కదా బావా."

అప్పలరాముడి చెయ్యి పంచెలో దోపుకున్న ముక్క మీదికి వెళ్ళింది. ఆ పేటలో వాటా ముట్టినవాడు వలలో పడిన కన్నాన్ని తన దారంతో తను కుట్టి తీరాలి. కుట్టనివాడి చెయ్యి విరుస్తారు. తీసుకున్న వాటా తిరిగి ఇచ్చేసినవాణ్ణి బతికున్నంతకాలం తాడు ముట్టనివ్వరు. ఈ రెండూ పెట్టింది అప్పలరాముడి తండ్రి. అమలు జరిపింది అప్పలరాముడు.

"ఈ వలకి కన్నమెంతో ఆఫీసరు బాబు ఇప్పుడే సెప్పినాడు," అంది బుల్లమ్మ. "ఎనిమిది పేర్లు."

ఎదురు తాడు గుంపులోంచి ఒకడు ముందుకొచ్చాడు. వాడి ఎడమ చెయ్యి మోచేతి దగ్గర అవతలి వైపుకు వంగి ఉంటుంది. రెండేళ్ళ కిందట జ్వరమొచ్చి వల కుట్టడానికి రాలేకపోతే, అప్పలరాముడే దాన్ని పడవ అంచుకేసి విరిచాడు. వాడు ఇప్పుడు మంచి చేత్తో ఉలి పక్కన పడి ఉన్న సుత్తి అందుకున్నాడు.

"పెద్దయ్యా," అన్నాడు ఎంతో మర్యాదగా. "కుడతావా, లేపోతే సెయ్యి సాపుతావా? ఒకటి ఎలాగూ విరిగింది, రెండోదానికి నెప్పి తెలీదులే."

జనం దగ్గరికొచ్చారు. కుడి తాడు వాళ్ళు, ఎదురు తాడు వాళ్ళు అనే తేడా లేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఆయన చేత ఎముక విరగనివాడు ఒక్కడూ లేడు.

అప్పలరాముడు సుత్తిని చూశాడు, సముద్రాన్ని చూశాడు. "ఏడుగుర్ని రాసుకో," అన్నాడు ఝాన్సీలక్ష్మితో. "పెద్దదాన్ని ఇవ్వను. అప్పలకొండమ్మని ఇవ్వను. అది ఇద్దరు మగోల్ల పెట్టు. అది కూడా లేకపోతే తాడు సముద్రంలోకి ఎలిపోతాది. అప్పుడు ఏడుగురికీ కూడెక్కడిది?"

ఝాన్సీలక్ష్మి ఏడు పేర్లు రాసి తలెత్తింది. గోవిందరాజులు గారు చేతిరుమాలుతో ముక్కు అదుముకుని, "ఇరవై తొమ్మిది," అన్నారు. ఆయన గొంతు నిజంగానే దిగులుగా ఉంది.

వంకర చెయ్యివాడు సుత్తి ఎత్తాడు. ముసలాయన కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. ఆయన వాటా తిరిగి ఇవ్వడు, పిల్లనూ ఇవ్వడు. చెయ్యి ఇస్తాడు. బుల్లమ్మకు అర్థమైంది. ఈ చెయ్యి కూడా విరిగితే పేర్లు ఇరవై తొమ్మిదే ఉంటాయి.

"ఆగరా," అంది. చెంప తెరుచుకుని ఉండడం వల్ల మాట ఈలలా వచ్చింది. "బావా, అప్పలకొండమ్మ జాగాలో నాను లాగుతాను. ఎదురు తాడు. దాని సదువు అయినంతకాలం."

"నువ్వా? నా తాడు మీద?"

"నీ తాడు మీదే."

"నా సేతి కింద?"

బుల్లమ్మ నెత్తురు మింగింది. "నీ సేతి కిందే."

"తోక కూడా ఉంటాది."

"తెలుసు బావా. పన్నెండేళ్ల నించీ తెలుసు."

అప్పలరాముడు మనవరాలి వైపు తిరిగాడు. పదకొండేళ్ళ అప్పలకొండమ్మ వీపు మీద కూడా ఆ తోక గీతలున్నాయి. ఆ పిల్ల తాత చెప్పేదాకా ఆగలేదు. వెళ్ళి ఝాన్సీలక్ష్మి కుర్చీ పక్కన నిలబడి, కలం ముక్కు వంకే చూస్తూ తన పేరు తనే చెప్పింది. గోవిందరాజులు గారు ముప్ఫై అని పట్టీ మీద సంతకం పెట్టారు. ఆయన ముక్కు నుంచి ఒక చుక్క పడి సంతకం పక్కన ముద్రలా అంటుకుంది. టీచరు పెట్టె మళ్ళీ లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున పెద్దవల వేశారు. ఎదురు తాడు తల దగ్గర బుల్లమ్మ ఉంది. రంగత్ ఆసుపత్రిలో చెంపకు పదకొండు కుట్లు వేశారు. మాట్లాడితే తెగుతాయన్నారు గనక ఆవిడ మాట్లాడకుండా లాగుతోంది. భుజానికి కర్ర కట్టించుకున్న అప్పలరాముడు పక్కన నిలబడి మంచి చేత్తో తోక ఆడిస్తున్నాడు. తాడు బిగిసినప్పుడు ఒకటి, సడలినప్పుడు ఒకటి, ఆవిడ పిక్కల మీద పడుతున్నాయి. పెద్దగా కోపమేమీ లేదు, అలవాటు. అవతల కుడి తాడు మీద లక్ష్ముడు ప్రతి చప్పుడుకూ తల అటు తిప్పుకుంటున్నాడు, చెవి లేని వైపు ఇటు వచ్చేలా.

బడి పాకలోంచి ముప్ఫై గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఏదో పాఠం. ఒకరు ముందు చెబితే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. ముందు చెప్పే గొంతు అప్పలకొండమ్మదే. తోక ఆగింది.

"ఏటి సెప్తందే అది?" అన్నాడు అప్పలరాముడు.

బుల్లమ్మ చెవి ఒగ్గి విన్నది. ఒక్క ముక్క బోధపడలేదు. కుట్లు తెగితే తెగాయి అనుకుంది.

"నాకేటి తెలుసు బావా," అంది. "సాయంత్రం దాన్నే అడుగు. నన్ను లాగనీ."